సీఆర్ఆర్ నంబర్ ఉందా?

వైకల్యం ఉన్న చిన్నపిల్లలకు నేర్పే స్పెషల్ టీచర్‌గా పనిచేయాలంటే ప్రేమ, ఓపిక ఉంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. సరిపోదండి. ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఈ శిక్షణలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సు చేసి, సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ (సీఆర్ఆర్)లో పేరు నమోదు చేయించుకోవాలి; అలా వచ్చేదే సీఆర్ఆర్ నంబర్. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఇది తప్పనిసరి.

మా బాబుని మూడేళ్లప్పుడు ఒక సెంటర్‌కి ఎనిమిది నెలలు పంపాం. అక్కడి టీచర్‌కి ఏ శిక్షణా లేదని తర్వాత తెలిసింది. ఆ వయసులో పోయిన నెలలు మళ్లీ రావు, ఇప్పటికీ బాధేస్తుంది.

తర్వాత దొరికిన మేడమ్ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం గలవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చదివారు. మొదటి రోజే వాడి పక్కన నేలమీద కూర్చున్నారు. చెంచా పట్టుకోవడం, అన్నం తీసుకోవడం, నోటిదాకా తేవడం... ఒక్కో మెట్టూ విడివిడిగా నేర్పించారు. ఇప్పుడు వాడే తింటున్నాడు. తల్లిదండ్రులూ, సీఆర్ఆర్ నంబర్ అడగడానికి మొహమాటపడకండి.