స్టాప్‌వాచ్ కొలిచేది చేతినే

సెరిబ్రల్ పాల్సీ (సీపీ: ఎదిగే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్న బిడ్డను బడిలో వేద్దామని వెళ్లిన తల్లికి హైదరాబాద్‌లో ఇప్పటికీ ఎదురయ్యే ప్రశ్న: ‘వీడికి ఏమైనా అర్థమవుతుందా అమ్మా?’ బిడ్డ ఎదుటే అడుగుతారు. బిడ్డను మాత్రం అడగరు.

నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టిన తొలి రోజుల్లో కామెర్లు ముదరడం వంటివి ఎదిగే మెదడును దెబ్బతీస్తాయి. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే అసలు సంగతి. కామెర్లు మెదడు లోపల కదలికలను అదుపు చేసే బేసల్ గాంగ్లియాకు ఎక్కితే ఒళ్లు మెలికలు తిరుగుతుంది, మాట ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం చాలామందిలో చెక్కుచెదరదు. విదేశాల్లో దశాబ్దాలుగా నిర్వహిస్తున్న రిజిస్టర్ల ప్రకారం సీపీ ఉన్నవారిలో దాదాపు సగం మందికి బుద్ధిమాంద్యం ఉంది, సగం మందికి లేదు. మన దగ్గర అందరికీ ఒకటే ముద్ర.

ఆ ముద్ర ఎలా పడుతుందో చూడండి. మన దేశంలో పిల్లల తెలివిని అంచనా వేయడానికి తరచూ వాడే వాటిలో సెగ్విన్ ఫారం బోర్డు ఒకటి. చెక్క పలకలో 10 గుంతలు, వాటిలో సరిపోయే 10 ఆకారాలు. ఎంత త్వరగా అమరిస్తే అంత మార్కు. మెలికలు తిరిగే చెయ్యి ఉన్న పిల్లాడు నక్షత్రాన్ని అందుకుంటాడు. గుంత ఎక్కడుందో చూపు ఎప్పుడో పట్టేసింది. చెయ్యి అటు తీసుకెళ్లబోతే భుజం ఇటు లాగేస్తుంది, గట్టిగా ప్రయత్నించిన కొద్దీ ఇంకా లాగుతుంది. ముక్క కింద పడుతుంది. స్టాప్‌వాచ్ ఆగదు. చివరకు కాగితం మీద పడే అంకె ఆ పిల్లాడి భుజం కండరాలది. దాన్నే తెలివి అని ఫైల్లో రాసేస్తారు, ఆ ఫైలు జీవితాంతం వెంట వస్తుంది.

వేరే దారి లేదా అంటే ఉంది. బొమ్మలోని ఖాళీకి సరిపోయే ముక్కను 6 ముక్కల్లోంచి ఎంచుకునే రేవెన్ పరీక్షకు నోటి మాట అక్కర్లేదు, తొందరా లేదు. వేలు చూపలేని పిల్లలు కంటితో చూపిస్తారు, మనిషి ఒక్కో ముక్క మీద వేలు పెడుతూ పోతే తల ఊపుతారు. కావాల్సిందల్లా ఎదురుగా కూర్చున్నవారికి కాస్త ఓపిక. ముందుగా చూపు, వినికిడి పరీక్షించాలి. మూర్ఛ మందుల మత్తులో ఉన్న బిడ్డను ఆ రోజు కూర్చోబెట్టకూడదు. ఈ పాటి జాగ్రత్త తీసుకోని రిపోర్టుకు విలువెంత?

తెలివి ఉంటే చాలు, చదువు దానంతటదే వస్తుందనీ మేము అనడం లేదు. నెలలు నిండకుండా పుట్టి కాళ్లు బిగుసుకున్న పిల్లల్లో చాలామంది చక్కగా మాట్లాడతారు, కథ వింటే తిరిగి చెప్తారు. కానీ బోర్డు మీది లెక్కను నోట్‌బుక్కులో ఎక్కించమంటే గళ్లు తప్పుతాయి, వరుసలు కలిసిపోతాయి. కళ్లకు కనిపించిన దాన్ని మెదడు అమర్చుకోవడంలో ఉన్న ఇబ్బంది అది. టీచరుకు ఆ సంగతి తెలియకపోతే ‘మాటలకేం తక్కువ లేదు, రాయమంటే బద్ధకం’ అనేస్తారు.

మాట రాని పిల్లలకు మరో చిక్కు. చూపుతో ఒక్కో అక్షరాన్నీ ఎంచి మాట కూర్చడానికి ఇంగ్లిష్‌లో 26 అక్షరాల పలకతో పని జరుగుతుంది. తెలుగులో అక్షరానికి గుణింతం తోడవుతుంది, ఆపై వత్తు. ‘అమ్మకు చెప్పు’ అనడానికి కన్ను ఎన్నిసార్లు తిరగాలో లెక్కేసుకోండి. బొమ్మలతో, మన ఇళ్లలో వాడే మాటలతో తెలుగు పలకలు తయారై, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలన్నిటికీ చేరాలి. మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఈ పనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

2012లో సీపీ ఉన్న హక్కుల కార్యకర్త జీజా ఘోష్‌ను కోల్‌కతాలో విమానం నుంచి దింపేశారు. ఆమె వెళ్తున్నది ఒక సదస్సుకు. 2016లో సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇవ్వమంది. అదే ఏడాది వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత చదువుకు హామీ ఇచ్చింది. ఆ హామీకి ఐక్యూ షరతు లేదు. నిజంగానే బుద్ధిమాంద్యం ఉన్న ఆ సగం మందికీ బడి తలుపు తెరిచే ఉండాలి.

రాత పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలివిని కొలిచే గదికీ ఆ పద్ధతి వర్తింపజేయాలి. బిడ్డ నోటితో జవాబు చెప్పాడా, చేత్తోనా, కంటితోనా, ఎంత సమయం ఇచ్చారు అన్నది రిపోర్టులో రాయడం తప్పనిసరి చేస్తూ వైద్య ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఆ వివరం లేని అంకెను చూపించి అడ్మిషన్ నిరాకరించే అధికారం ఏ హెడ్మాస్టరుకూ ఉండకూడదు.