సవరణ: అబ్లేషన్ తర్వాత డ్రైవింగ్
అబ్లేషన్ (గుండె లయ తప్పించే చిన్న భాగాన్ని పనిచేయకుండా చేసే చికిత్స) అయిన మర్నాడే కారు నడపొచ్చని పోయిన పోస్టులో రాశాను. అది తప్పు. మత్తు ప్రభావం పూర్తిగా పోవడానికే 24 గంటలు పడుతుంది. పైగా గజ్జల్లో కేథెటర్ (గుండెదాకా పంపే సన్నని గొట్టం) వెళ్లిన చోట గాయం మానాలి. సడన్‌గా బ్రేకు తొక్కితే ముందు లాగేది అక్కడే. అందుకే సాధారణంగా రెండు రోజుల నుంచి వారం దాకా ఆగమంటారు. అంతకుముందు స్పృహ తప్పి పడిపోయినవాళ్లకూ, బస్సులూ లారీలూ నడిపేవాళ్లకూ గడువు ఇంకా ఎక్కువ. వాళ్లు డాక్టరు సరేనన్నాకే స్టీరింగ్ పట్టాలి.

ఉద్యోగం గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు. కుర్చీ పనైతే కొద్దిరోజులకే వెళ్లొచ్చు, బరువులెత్తే పనైతే వారమైనా ఆగాలి.

ఒకటి రాయడం మర్చిపోయాను. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అబ్లేషన్ చేయించుకుంటే మొదటి మూడు నెలల్లో దడ వచ్చిపోతుండొచ్చు. అంతమాత్రాన ఫెయిలైనట్టు కాదు. నాకు రెండో వారంలో వచ్చింది, రాత్రంతా ఒకటే టెన్షన్!