పందెం లేని పేకకు చందా

పేకాట సైటుకు విరాళమా అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఉంటారని తెలిసే ఇది రాస్తున్నాను. పోకర్ అంటే బిళ్లలు పందెం కాస్తూ ఆడే పేకాట. లాభాపేక్ష లేకుండా దాన్ని ఆన్‌లైన్‌లో నడపాలన్న ఆలోచన నాకు నచ్చింది. చందా కూడా ఇస్తాను. అయితే అక్కడ డబ్బు పందెం ఉండకూడదు.

మామూలు సైట్లలో బల్ల మధ్య పోగుపడిన పందెపు కుప్పలోంచి నిర్వాహకులు కొంత కోసుకుంటారు. దాన్ని రేక్ అంటారు. ఐదు శాతమే కదా అనిపిస్తుంది. ఆరుగురు డబ్బు పెట్టి కొన్న బిళ్లలతో, తలా 100 చొప్పున, కూర్చున్నారనుకోండి. గంటకు 60 ఆటలు, కుప్పలో సగటున 20 బిళ్లలు. ఆటకొక బిళ్ల చొప్పున గంటకు 60 పోతాయి. అదే జోరుతో పది గంటలు ఆడితే తెచ్చుకున్న 600లో ఒక్కటీ మిగలదు. ఇంతకీ గెలిచిందెవరు?

రేక్ తీసేసి విరాళాలతో నడిపితే సరి అంటారు కొందరు మిత్రులు. డబ్బు ఆటలో విరాళం ఎవరిస్తారు? ఓడినవాడికి మనసొప్పదు, గెలిచేవాడే ఇవ్వాలి. అతనికి కావలసింది కొత్తగా వచ్చి ఓడిపోయేవాళ్లు. ఎవరో ఒకరు మునిగితేనే హుండీ నిండే సంస్థను సేవాసంస్థ అనడానికి నాకు నోరు రాదు. పైగా ఆటగాళ్ల సొమ్ము భద్రపరచాలి. 2011లో ఫుల్ టిల్ట్ పోకర్ అనే ఆన్‌లైన్ సైటు మీద అమెరికా ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం ఆటగాళ్లకు బాకీ దాదాపు 39 కోట్ల డాలర్లు, బ్యాంకుల్లో ఉన్నది సుమారు 6 కోట్లు. ఖాళీ వేళల్లో సేవ చేయడానికి వచ్చేవాళ్ల నెత్తిన అంత బరువు పెడతామా?

చదరంగానికి లీచెస్ అనే సైటు ఉంది. ప్రకటనలు లేవు, రుసుము లేదు, విరాళాల మీదే నడుస్తోంది. పోకర్‌కు అదే పద్ధతి యథాతథంగా అతకదు. పోయేదేమీ లేదని తెలిస్తే మొదటి ఆటలోనే ఒకడు ఉన్న బిళ్లలన్నీ ముందుకు తోసేస్తాడు, రెండోవాడు చేతిలో ఏమీ లేకపోయినా సై అంటాడు. ఇక మంచి ముక్కలున్నట్టు నటించి ఎదుటివాణ్ని బెదిరించడానికి విలువేముంది, ఆటలో ఉప్పేముంది?

దీనికి బ్రిడ్జి అనే పేకాట ఆడేవాళ్లు ఎప్పుడో దారి చూపారు. అవే ముక్కలను పది బల్లల మీద పంచాలి. మూడో కుర్చీలో కూర్చున్న పదిమందికీ ఒకే చెయ్యి, అంటే అవే ముక్కలు, వస్తాయి. ఆ చెయ్యి చెడ్డదైతే, దానితో ఎవరు తక్కువ పోగొట్టుకున్నారో వాళ్లకు మార్కులు. అదృష్టం చాలావరకు పక్కకు తప్పుకుంటుంది, పరువే పందెమవుతుంది. బిళ్లలు ఊరికే తోసేసేవాడు పట్టికలో అట్టడుగున తేలతాడు.

మరి చందా దేనికి? సర్వర్లకు కొంత, మోసాలు పట్టే మనుషులకు కొంత. నా మటుకు ముక్కలు కలపడం దగ్గరే అసలు ఖర్చు పెట్టాలి. 52 ముక్కలను పేర్చగల తీరులు ఎన్నంటే, దాదాపు 8 పక్కన 67 సున్నాలు. 1999లో ఒక పోకర్ సాఫ్ట్‌వేర్ తయారీదారు తమ నిజాయితీ చాటుకోవడానికి కలిపే పద్ధతిని బయటపెట్టాడు. అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లే దానికి ఆధారమని కొందరు ఇంజనీర్లు కనిపెట్టారు. రోజుకు 8.64 కోట్ల మిల్లీసెకన్లు, అంటే ఆ పద్ధతిలో రాగల ముక్కల వరసలూ అన్నే. తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో సరిచూసుకుని, తమ రెండు ముక్కలూ బల్ల మీది మూడు ముక్కలూ తెలియగానే మిగతా అందరి చేతులూ చెప్పేశారు. లోపం దొరికింది ఆ పద్ధతిని బయటపెట్టబట్టే.

అందుకే నేనిచ్చే చందాతో పాటు ఒక చీటీ జతచేస్తాను: ఇందులో మొదటి వంతు, ముక్కలు కలిపే ప్రోగ్రామును బయటివాళ్ల చేత పరీక్షించడానికి వాడండి.