మలక్‌పేటలో రెండు నిమిషాలు

మొన్న పొద్దున కాచిగూడలో దిగాను. నా ముందు ఒక పెద్దాయన, చంకలో ఎక్స్‌రే కవరు, భుజాన టవల్లో కట్టిన సద్దిమూట. ‘ఏడికి పోవాలె తాతా?’ అని నలుగురు ఆటోవాళ్లు చుట్టుముట్టారు. నిమ్స్ ఆసుపత్రికట. రెండు వందల యాభై అన్నారు. మహబూబ్‌నగర్ నుంచి ఇక్కడిదాకా రావడానికి ఆయనకు అంత కాలేదు.

అదే రైలు కాసేపటి ముందు మలక్‌పేట మీదుగానే వచ్చింది. అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషన్, మెట్రో స్టేషన్ నడిచిపోయే దూరంలోనే ఉంటాయి. మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేదు, నిమ్స్‌కు నేరుగా ఎర్రమంజిల్‌లోనో పంజాగుట్టలోనో దిగొచ్చు. కానీ మన మహబూబ్‌నగర్ వైపు ఎక్స్‌ప్రెస్‌లలో ఎక్కువ భాగం అక్కడ ఆగవు.

బస్సులో వచ్చినవాళ్లకు ఈ బాధ లేదు. ఎంజీబీఎస్ బస్టాండులో దిగి స్కైవాక్ మీదుగా మెట్రోలోకి వెళ్లిపోతారు. ఆడవాళ్లకైతే 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. డబ్బులు పెట్టి రైలెక్కిన మనిషికి మాత్రం ఆటో బేరం మిగిలింది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే రెండో లైనుకు, విద్యుదీకరణకు దాదాపు 1,410 కోట్లు పోశారు. 2023 ఏప్రిల్‌లో ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. అంత ఖర్చూ చేసి చివరి వంద అడుగుల దగ్గర చేతులెత్తేశారు.

కాచిగూడ మలక్‌పేటకు కూతవేటు దూరమే కదా, ప్రతి గల్లీలో బండి ఆపితే టైమ్ ఏం కావాలని రైల్వేవాళ్లు అంటారు. లైను ఒక్కటే ఉన్న రోజుల్లో ఆ మాట చెల్లింది. ఇప్పుడు రెండు లైన్లున్నాయి. డబ్లింగ్ చేసిందే బండ్లు ఒకదాని కోసం ఒకటి కాచుకోకుండా ఉండటానికి. రెండు నిమిషాల హాల్టుకు కొంపేం మునగదు.

అసలు సంగతి టైమ్‌టేబుల్ కాదు. పాలమూరు అంటే మా మహబూబ్‌నగరే; పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా తెలుసు. ఈ నగరంలో ఏ పునాది తవ్విన చోటైనా ఆ చేతుల గుర్తు ఉంటుంది. కానీ నగర రవాణా ప్లాన్లు వేసేటప్పుడు వాళ్లు ఎవరికీ గుర్తురారు. ప్రయాణికుడంటే ల్యాప్‌టాప్ బ్యాగు వేసుకుని హైటెక్ సిటీ పోయేవాడే. మూట నెత్తిన పెట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకుని వచ్చే తల్లి కాదు. ఎంఎంటీఎస్ కూడా ఉందానగర్ దగ్గరే ఆగిపోయింది. షాద్‌నగర్ దాకా పొడిగించమని అడిగీ అడిగీ జనం నోళ్లు నొప్పిపుట్టాయి. జిల్లా నుంచి కూలీలు కావాలి, నీళ్ల మీద ఓట్లు కావాలి, వచ్చిన మనిషి ఎలా ఇల్లు చేరతాడన్న ఆలోచన మాత్రం వద్దు.

అడుగుతున్నది కొత్త స్టేషన్ కాదు. ప్లాట్‌ఫామ్ నుంచి మెట్రో మెట్ల దాకా కప్పున్న దారి, ఒక లిఫ్టు, రెండింటికీ చెల్లే ఒకే టికెట్. అవన్నీ తర్వాత చూసుకుందాం. ముందు పొద్దున కాచిగూడకు వచ్చే ఎక్స్‌ప్రెస్ ఒక్కదాన్ని మూడు నెలలు మలక్‌పేటలో ఆపండి. ఎంతమంది దిగుతున్నారో రోజూ రాసుకోండి. ఆ లెక్క చేతిలో పట్టుకుని వచ్చి, హాల్టు దండగని అప్పుడు చెప్పండి.