అత్తయ్యగారి కౌలు

(విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ, రెండో అంతస్తు. జూలై నెలాఖరు. బయట వాన, హాల్లో తాడు మీద మూడ్రోజులుగా ఆరని బట్టలు. సత్యవతి కుట్టు మిషను దగ్గర, తోడికోడలు హైమ నేలమీద అట్టముక్కల మధ్య. పెద్దావిడ పుట్టిల్లు బొబ్బిలి, చిన్నావిడది విజయనగరం. ఈ రెండూళ్ళ పిల్లల్ని ఒకే వంటింట్లోకి తెచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య ఆ తరవాత ఈ వీధిలో కనిపించలేదు.)

హైమ: అక్కా, చింటూకి స్కూల్లో చీటీ వచ్చింది. పంద్రాగస్టు వేషం. "రాజ్యం పోగొట్టుకుని పోరాడే కుర్ర రాకుమారుడు". రెండు నిమిషాలు మాట్లాడాలిట.

సత్యవతి: ఇంకేటి ఆలోచన, మా బొబ్బిలి రాకుమారుడు చిన్నరంగారావు. ఛాతీ 26 అంగుళాలేనా, పెరిగాడా?

హైమ: ఛాతీ 26 అంగుళాలే. రాకుమారుడు మాత్రం నారాయణబాబు.

సత్యవతి: (మిషను ఆపి) ఏ నారాయణబాబు?

హైమ: తెలీనట్టు అడక్కు. 1794 జూలై 10, పద్మనాభం. ఈస్టిండియా కంపెనీ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలంతో వచ్చి పడ్డాడు. మా విజయనగరం రాజు చినవిజయరామరాజు అక్కడే ఒరిగిపోయాడు, యుద్ధం గంట కూడా పట్టలేదు. ఆయన కొడుకే నారాయణబాబు. పసివాడు కొండల్లోకి తప్పించుకున్నాడు. మనం కార్తీక అమావాస్యకి దీపాలు పెడతామే, ఆ కొండ దగ్గరేనమ్మా ఇదంతా!

సత్యవతి: దీపాలు నేను పెట్టాను. నువ్వు సగం మెట్ల మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నావు. మరి మావాడిదో? 1757 జనవరి 24. బొబ్బిలి కోట తగలబడిపోతోంది, లోపల ఆడవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఓ ముసలాయన ఈ పసివాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ఫ్రెంచి దొరకి అప్పజెప్పాడు. వినగానే జడ్జీల కళ్ళమ్మట నీళ్ళు రావూ?

హైమ: వస్తాయి. ఆ కోట మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీని తెచ్చిందెవరని కూడా జడ్జీలు అడుగుతారు.

సత్యవతి: అడగనీ! మీ పెదవిజయరామరాజు. పైడితల్లమ్మ వద్దన్నయ్యా అని మొత్తుకుందని మీ ఊళ్ళోనే చెప్పుకుంటారు. విన్నాడేటి?

హైమ: వినలేదు. మూడో రాత్రికి గుడారంలో తాండ్ర పాపారాయుడు పొడిచీశాడు. చెల్లుకి చెల్లు. దాన్నింకా మనమెందుకు మొయ్యడం?

సత్యవతి: మొన్న పులుసులో కారం ఎక్కువైతే "బొబ్బిలి పౌరుషం" అన్నదెవరు? ఆ టేపు ఇలా విసురు. 44 అంగుళాల పన్నాలో రెండు మీటర్లు తెచ్చావా?

హైమ: మీటరున్నర తెచ్చాను. పిల్లాడే కదా అని.

సత్యవతి: పిల్లాడే, కానీ అంగరఖా కింద చీరకుచ్చిళ్ళలా తిరగాలి. మీటరున్నరలో కుడితే అది రాకుమారుడి అంగరఖా అవదు, కంపౌండరు కోటవుతుంది. చంకల కింద మూడంగుళాల చదరం ముక్కలు కూడా వెయ్యాలి. లేకపోతే వాడు కత్తి పైకెత్తగానే కుట్టు పర్రున పిగిలిపోతుంది. రాజ్యం తరవాత, ముందు బనీను బయటపడుతుంది.

హైమ: అసలు నీ చిన్నరంగారావు ఈ చీటీకి సరిపోడక్కా. "కుర్ర" అని రాశారు. మీవాడికి బొబ్బిలి తిరిగి ఎప్పుడొచ్చింది?

సత్యవతి: (దారం ఎక్కిస్తూ, మెల్లగా) 1794.

హైమ: 94లోంచి 57 తీసీ. ముప్ఫయ్యేడేళ్ళు! నలభై దగ్గరపడ్డ రాకుమారుడు. చింటూ మీసానికి కాటుక వద్దు, నెరిసినట్టు పౌడరు రాద్దాం.

సత్యవతి: ఆ ముప్ఫయ్యేడేళ్ళూ మంచం మీద పడుకున్నాడనుకున్నావేటి? బాబాయిలు భద్రాచలం వైపు తప్పించుకుని, మళ్ళీ వచ్చి కోట పట్టుకుని, పిల్లాణ్ణి గద్దెమీద కూర్చోబెట్టారు. తరవాతే కదా మీ చినవిజయరామరాజు అన్న సీతారామరాజు మంచిమాటలు చెప్పి తెచ్చి విజయనగరం కోటలో పెట్టి తాళం వేసింది! 1790లో అందులోంచి తప్పించుకుని నైజాం వైపు పోయాడు. యుద్ధం, ఖైదు, పరారీ, అన్నీ ఉన్నాయి. మీవాడు ఏం చేశాడు? కొండెక్కాడు, కొండ దిగాడు, సంతకం పెట్టాడు.

హైమ: కొండ మీద ఉండటం తేలికనుకున్నావా? నువ్వే లెక్కెయ్యి. పద్మనాభంలో వాళ్ళ నాన్న వెంట నాలుగువేలమంది దాకా ఉన్నారు. అందులో సగమే కొండలకి చేరారనుకో.

సత్యవతి: (వేళ్ళ మీద లెక్కపెడుతూ) రెండువేలమంది. మనిషికి రోజుకి అరకిలో బియ్యం. వెయ్యి కిలోలు. ఎద్దు మీద క్వింటాలు వేసినా రోజుకి పదెద్దులు. ఆ ఎద్దులకి మళ్ళీ మేత. ఓరి నాయనోయ్!

హైమ: బియ్యం లేకపోతే చోళ్ళ అంబలి తాగొచ్చు, అవి కొండల్లోనే పండుతాయి. ఉప్పు మాటేటి?

సత్యవతి: అది సముద్రం వైపు నుంచి పైకెళ్ళాల్సిందే. మనిషికి పది గ్రాములు వేసుకున్నా రోజుకి ఇరవై కిలోలు. నాలుగు సంతల్లో ఉప్పు బేరం ఆపించీస్తే చాలు, తుపాకీ పేల్చక్కర్లేదు. చప్పిడి అంబలి తాగి ఎన్నాళ్ళు పోరాడతారు?

హైమ: చూశావా, వంటింట్లోంచి చూస్తే యుద్ధం ఎంత బాగా అర్థమవుతుందో! కానీ చిక్కు కంపెనీకీ ఉంది. వాన్లో మన్యం జ్వరం పటాలాల్ని పడుకోబెట్టీసేది. రైతు చూస్తే, పాత రాజుగారి కొడుకు కొండమీద ఉన్నాడు, రేపు దిగితే మళ్ళీ శిస్తు అడుగుతాడేమోనని ఎవరికీ కట్టకుండా కూర్చుంటాడు. పిల్లాడి చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. తను బతికుండటం!

సత్యవతి: (కొంచెం మెత్తబడి) ఈ ముక్క బావుంది. రాసుకో. అసలు వాళ్ళ నాన్న మీదికి కంపెనీ ఎందుకొచ్చింది? అది లేకుండా పోరాటమంటే జడ్జీలకి ఏం అర్థమవుతుంది?

హైమ: బకాయి అక్కా. పేష్కష్, అదే కంపెనీకి ఏటా కట్టే కప్పం, లక్షల్లో బకాయి పడ్డారు. ఎస్టేటు జప్తు చేసి, నెలకి 1200 రూపాయలిస్తాం, మచిలీపట్నం వెళ్ళి కూర్చో అన్నారు. ఆయన బయల్దేరాడు కానీ పద్మనాభం దగ్గర ఆగిపోయాడు.

సత్యవతి: ఆగడా మరి! సొంత వంటిల్లు ఒదులుకుని నెల జీతం మీద పరాయి ఊళ్ళో ఎవరుంటారు? మీ మరిది బెంగుళూరు ఉద్యోగం సంగతి చూళ్ళేదూ! (నాలుక కరుచుకుని) కత్తి ఏదీ? చూపించు.

హైమ: ఇదిగో. అట్టతో చేశాను, వెండి కాగితం అంటించాను.

సత్యవతి: (పట్టుకోగానే పిడి దగ్గర వంగిపోతుంది) ఇది కత్తేటి, అరిటాకు! ఒక్క అట్టయితే ఇంతే. రెండట్టలు తీసుకుని ఒకదాని గీతలు నిలువుగా, రెండోదాని గీతలు అడ్డంగా పెట్టి మధ్యలో వెదురుబద్ద దూర్చాలి. బద్ద పిడిలోకి నాలుగంగుళాలైనా దిగాలి, విరిగేది అక్కడే. పొడుగు 22 అంగుళాలు దాటనీకు. వాడున్నదే నాలుగడుగులు, ఇంకా పెంచితే నేలమీద ఈడ్చుకుంటూ నడుస్తాడు. ఈ కాగితం ఎందుకిలా ముడతలు పడింది?

హైమ: గమ్ము పొద్దున్న రాశాను, ఇంకా ఆరలేదు.

సత్యవతి: వైజాగు వాన్లో గమ్ము ఆరుతుందేటి? తాడుమీద చింటూ నిక్కరే ఆరలేదు! రెండువైపులా అంటుకునే టేపు వెయ్యి. కాగితం ఒక చివర అంటించి, స్కేలుతో నొక్కుకుంటూ రావాలి. సరే, కొండ దిగాక మీవాడు సంతకం పెట్టాడన్నావు. ఎంతకి?

హైమ: ఏడాదికి ఆరు లక్షల పేష్కష్‌కి కౌలు రాసిచ్చారు. ఎస్టేటు మాత్రం పాతది కాదు, చాలావరకు కత్తిరించీశారు. వీళ్ళ వంశం ఊడగొట్టిన కొండ జమీందార్లున్నారు కదా, సాలూరు, పాచిపెంట, కురుపాం, వాళ్ళవి వాళ్ళకి ఇచ్చీశారు. (ఆగి, గొంతు తగ్గించి) బొబ్బిలీ అలాగే.

సత్యవతి: ఏటీ?

హైమ: బొబ్బిలీ అలాగే అన్నాను. అందుకే రెండిటికీ 1794.

సత్యవతి: (కుర్చీలో వెనక్కి వాలి) ఓహో! అంటే మీ ఎస్టేటు చిరిగితే అందులో ముక్కే మా రాజ్యం.

హైమ: మావాళ్ళు లాక్కున్నదే మీకు తిరిగొచ్చిందని ఒప్పుకుంటున్నాను కదా. కానీ కత్తితో తెచ్చుకోలేదు. నైజాంలో ఉన్నవాణ్ణి పిలిపించి కంపెనీవాళ్ళే కూర్చోబెట్టారు.

సత్యవతి: మీవాడినీ వాళ్ళే కూర్చోబెట్టారు. ఎంత కట్టారన్నావు తరవాత?

హైమ: కట్టాల్సింది ఎప్పటికీ ఇంతేనని ఖాయం చేసిన 1802 శాశ్వత పైసలాలో విజయనగరానికి అయిదు లక్షలు. 24 పరగణాలు, 1157 గ్రామాలు.

సత్యవతి: (ఫోన్లో నొక్కి) ఊరికి సగటున 432 రూపాయలు. మాకో?

హైమ: ఏడాదికి తొంభై వేలు.

సత్యవతి: చూశావా, మాకు తక్కువ!

హైమ: ఊళ్ళు తక్కువక్కా!

సత్యవతి: బేరం బాగా ఆడారని కూడా అనుకోవచ్చు. మీ నారాయణబాబు అంత కట్టి బాగుపడ్డాడా?

హైమ: పెద్దయ్యాక కాశీ వెళ్ళిపోయి 1845లో అక్కడే పోయాడు. ఎస్టేటు నిండా అప్పులు.

సత్యవతి: పాపం. (నిజంగానే అంటుంది. వెంటనే) అప్పుల సంగతి చింటూతో చెప్పించకు, మార్కులు తగ్గిస్తారు. తలపాగా చూద్దాం. తల 52 సెంటీమీటర్లుంది, అట్ట చుట్టు 54కి చెయ్యి, లోపల గుడ్డ వస్తుంది కదా. పైన మల్‌మల్ నాలుగు మీటర్లు. అన్నీ ఉన్నాయి. జరీ ఏదీ? జరీ లేకపోతే ఏ రాకుమారుడైనా పెళ్ళిభోజనాల్లో వడ్డించే కుర్రాడిలాగే ఉంటాడు.

హైమ: జరీ ఈ ఇంట్లో ఒక్కచోటే ఉంది. అత్తయ్యగారి పెళ్ళిచీర.

సత్యవతి: బీరువాలో. తాళం ఆవిడ బొడ్లో. నువ్వెళ్ళి అడుగు, మనవడు నీ కొడుకు.

హైమ: పెద్దకోడలివి నువ్వు.

సత్యవతి: పోయినసారి నేనడిగితే, సంక్రాంతికి తీసుకున్న ఇత్తడి బిందె ముందు తెచ్చి పెట్టమంది.

హైమ: బకాయి! అదే అక్కా, అలాగే మొదలవుతుంది. ఆవిడ పుట్టిల్లు కూడా వన్ టౌన్ కోటవీధి. కంపెనీవాళ్ళు కోట కట్టుకుని కూర్చున్న చోటే! పెళ్ళయిన వారానికే నాకు అనుమానం వచ్చింది.

సత్యవతి: నెమ్మదిగా మాట్లాడు, వంటింట్లో మిక్సీ ఆగింది. వెళ్ళు.

(హైమ లోపలికి వెళ్తుంది. సత్యవతి కత్తి పిడిలో వెదురుబద్ద దూర్చి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, అద్దం ముందు రెండుసార్లు ఝళిపిస్తుంది. పది నిమిషాలకి హైమ చీరతో వస్తుంది.)

సత్యవతి: ఇచ్చిందా! ఇంత సులువుగా?

హైమ: షరతులున్నాయి. చీర కొయ్యకూడదు. సూది గుచ్చకూడదు. పిన్నీసు తగిలితే జరీపోగు లేస్తుందిట, అదీ వద్దు.

సత్యవతి: అయితే ఏం చేసుకోవడం, పూజించడమా? అయిదున్నర మీటర్ల పట్టు. తలకి చుడితే బరువుకి చింటూ మెడ వాలిపోతుంది. (చీర మడత విప్పి ఆలోచించి) పొడుగుగా నాలుగు మడతలేసి దట్టీలా నడుముకి చుట్టీద్దాం. కింద బెల్టు కట్టి, కొసలు దాంట్లోకి దోపాలి. అంచు బయటికి కనిపిస్తుంది. తలపాగాకి మాత్రం పైట కొస రాదు, నా పాత రవిక అంచు వేస్తాను. ఇంకా?

హైమ: బిందె సాయంత్రంలోగా అప్పజెప్పాలి. వచ్చే ఆరు శనివారాలు సింహాచలం తీసుకెళ్ళాలి. కొండమీదికి ఆటో కాదు, కారు. దర్శనమయ్యాక ప్రసాదం క్యూలో ఆవిడ నిలబడదు, మనం నిలబడాలి. పోపులపెట్టె ఎక్కడుండాలో ఆవిడ చెప్పినచోటే ఉంటుంది.

సత్యవతి: పోపులపెట్టె కూడానా! మూడేళ్ళు పోరాడి దాన్ని గట్టుమీదికి తెచ్చాను!

హైమ: పై అరలోకి పోయింది. ఇప్పుడే పెట్టీసింది.

సత్యవతి: నాకందదు అక్కడ!

హైమ: నాకూ అందదు. అడిగితే ఆవిడే తీసిస్తానంది.

సత్యవతి: (కాసేపు మిషను చక్రం ఊరికే తిప్పి) సరే. చింటూ మాటలు ఒక నిమిషం చిన్నరంగారావు, ఒక నిమిషం నారాయణబాబు. మొదటి నిమిషం మావాడిది, పెద్దవాడు కాబట్టి.

హైమ: ఒప్పుకున్నాను.

సత్యవతి: ఆ శనివారాలు కూడా చెరిసగం. మొదటి మూడూ నువ్వు.

హైమ: కుదరదక్కా. మొదటి మూడూ పెద్దకోడలే అని ఆవిడ ముందే అనీసింది.

సత్యవతి: అంటే అయిపోతుందేటి? సరేనని ఎవరన్నారు?

హైమ: (వెండి కాగితం స్కేలుతో నొక్కుతూ, తలెత్తకుండా) నేనే. ఇద్దరి తరఫునా.

సత్యవతి: విజయనగరం బుద్ధి!