టీకా ఆగితే తల్లే ముద్దాయి

మన దేశంలో పిల్లలందరికీ టీకాలు పూర్తిగా ఎందుకు పడవు? ఈ ప్రశ్నకు శాస్త్రం ఎప్పుడో జవాబు తేల్చేసింది. తల్లి చదువుకోలేదు. అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో టీకాల పట్టిక తెరవండి. బిడ్డ ఆడా మగా, ఎన్నో కాన్పు, పల్లెటూరా పట్నమా, కులం, మతం, ఆస్తి, తల్లి ఎన్నేళ్లు బడికెళ్లింది, అన్నీ వరుసగా ఉంటాయి. తండ్రి ఎన్నేళ్లు వెళ్లాడో మాత్రం ఉండదు. ఆ పెద్దమనిషిని ఇందులోకి లాగడం దేనికని మర్యాద పాటించారు కాబోలు.

2019-21 సర్వే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో క్షయ రాకుండా వేసే బీసీజీ పడినవారు 95 శాతం. ప్రాథమిక టీకాలన్నీ పూర్తయినవారు 76 శాతం. ఇక్కడొక వింత చూడండి. బీసీజీ పుట్టగానే ఆస్పత్రిలోనే వేసేస్తారు. బిడ్డ అక్కడే, తల్లి అక్కడే, సూదీ అక్కడే. అప్పుడు ఆమె చదువు ఎవరికీ అడ్డురాలేదు. ఆరో వారం వచ్చేసరికి పాపం అదే మనిషి నిరక్షరాస్యురాలైపోతుంది!

కంఠసర్పితో సహా ఐదు జబ్బులకు ఒకే సూది అయిన పెంటావాలెంట్‌కి 6, 10, 14 వారాలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో టీకాలంటే బుధవారం, శనివారం. మిరప కోతల రోజుల్లో బుధవారమంటే ఒక కూలి. కూలి వదులుకుని వెళ్తే నర్సమ్మ వేరే ఊళ్లో డ్యూటీలో ఉండొచ్చు. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ టీకాకి వెళ్తే ఇంకో చిక్కు. ఒకే సీసాలో పలు డోసులుంటాయి, తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా తెరవమనే నిబంధన చెబుతుంది. వృథా అయిన డోసులకు లెక్క చెప్పాల్సింది మాత్రం నర్సమ్మే కనుక, "ఇంకో నలుగురు రానీ అమ్మా, వచ్చే వారం చూద్దాం" అంటుంది. ఇదీ తల్లి చదువు లోపమే.

ఎలాగో మొదటి డోసు పడిందనుకోండి, ఆ రాత్రి ఇంట్లో అత్యవసర సమావేశం. పెంటావాలెంట్ వేస్తే కొందరు పిల్లలకు ఒకటి రెండు రోజులు జ్వరం వస్తుంది. ఈ సంగతి ఆశా కార్యకర్త తల్లికి చెప్పింది, తల్లి అత్తగారికి చెప్పింది, అత్తగారు వినలేదు. "ఆడుకునే పిల్లాణ్ని తీసుకెళ్లి జ్వరం కొనుక్కొచ్చావు" అని తీర్మానం ఆమోదం పొందుతుంది. ఏడుపుకి నిద్ర చెడిన తండ్రి "అసలు నిన్నెవరు వేయించమన్నారు?" అని అడుగుతాడు. బిడ్డ ఆరోగ్యం గురించి ఆయన నోరు విప్పడం అదే మొదలు. రెండో డోసు అక్కడితో సరి.

ఇక ఒడిశా సంగతి. అదే సర్వేలో ఆ రాష్ట్రం 90 శాతం దాటింది, చప్పట్లు కొట్టాల్సిందే. అక్కడి బొలంగీర్ వైపు నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలు మరి ఎవరి లెక్క? టీకాల కార్డు అక్కడ, పిల్లాడు ఇక్కడ. రెండు రాష్ట్రాలూ ఎంతో ఉదారంగా ఆ బిడ్డను ఒకదానికొకటి వదిలేస్తాయి.

చదువు సమస్య లేని ఇళ్లూ ఉన్నాయి. "పోలియో ఎక్కడుందండీ ఇప్పుడు, ఇంకా చుక్కలెందుకు?" అని డిగ్రీలున్న మావయ్యగారు వాట్సాప్‌లో వాదిస్తారు. నిజమే, దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది. చుక్కలు వేశారు కాబట్టే ఆయనకు ఇప్పుడు కనిపించడం లేదు. కంఠసర్పి (డిఫ్తీరియా) కూడా కనిపించలేదంటే హైదరాబాద్ నల్లకుంటలో ఫీవర్ ఆస్పత్రి ఉంది, ఒకసారి చూసి రావచ్చు.

కనుక వచ్చే సర్వేకి నాదో చిన్న సూచన. పట్టికలో తండ్రికీ ఒక వరుస కేటాయించండి. బిడ్డకు ఎన్ని టీకాలు పడ్డాయి, తర్వాతిది ఎప్పుడు, జ్వరం వస్తే ఏ మందు, ఎంత మోతాదు? కార్డు లేకపోతే ఇప్పటిదాకా తల్లి జ్ఞాపకం మీద రాసుకుంటున్నారు. ఈసారి ఆయన జ్ఞాపకం మీద రాసుకోండి. కుర్చీ వేసి కూర్చోబెట్టి మొదటి ప్రశ్న అడగగానే ఆయన కాసేపు ఆలోచించి, వంటింటి వైపు తిరిగి కేకేస్తాడు: "ఏమేవ్, ఆ కార్డు ఎక్కడ పెట్టి చచ్చావ్?"