డైడో అమ్మగారూ, నా గోల్డ్ నాకు పడేయండి

ఇప్పుడే లాప్‌టాప్ మూశాను. మూశాను అనడం మర్యాద కోసం, విసిరికొట్టినంత పని చేశాను.

సివిలైజేషన్ 6 ఆడేవాళ్ళకి గ్యాదరింగ్ స్టార్మ్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఆడనివాళ్ళ కోసం ఒక్క ముక్క. రాతియుగం నుంచి రాకెట్ల దాకా ఒక జాతిని నడిపించే ఆట అది. దానికి 2019 ఫిబ్రవరిలో గ్యాదరింగ్ స్టార్మ్ అనే ఈ ఎక్స్‌పాన్షన్ (అదనపు ప్యాక్) వచ్చింది. వరదలు, అగ్నిపర్వతాలు, తుఫాన్లు, కరువులు తెచ్చింది. దేశాలన్నీ కూర్చుని ఓట్లేసే వరల్డ్ కాంగ్రెస్‌ని కూడా తెచ్చింది. ప్రకృతీ దౌత్యమూ ఒకే ప్యాకెట్లో. వినడానికి ఎంత బాగుందో!

జరిగింది ఇది. నా పక్క దేశం ఫినీషియా, రాణిగారు డైడో. ఆవిడ ఊరి మీద కేటగిరీ 5 హరికేన్ పడింది. ఒడ్డున ఉన్న పొలాలు పోయాయి, హార్బర్ దెబ్బతింది, జనాభా తగ్గింది. కాంగ్రెస్‌లో సాయం కావాలని తీర్మానం పెట్టారు. పాస్ అయింది. రీసెర్చ్ ల్యాబ్ కొందామని కూడబెట్టుకున్న గోల్డ్ (ఆటలో డబ్బు) మొత్తం పంపేశాను. పాపం కదా అని. కొన్ని టర్నులు గడిచాయో లేదో, అమ్మగారు తెర మీద ప్రత్యక్షమై నన్ను డినౌన్స్ చేశారు, అంటే అందరి ముందూ ఖండించారు. ఎందుకయ్యా అంటే, నాకు సముద్రం ఒడ్డున ఊళ్ళు ఉన్నాయట!

అవును, అదే కారణం. డైడో అజెండా (ఆట ఆ నాయకురాలికి పెట్టిన ఇష్టానిష్టాలు) ఏమిటంటే తీరంలో ఊళ్ళు కట్టేవాళ్ళు ఆవిడకి గిట్టరు, లోపలెక్కడో కొండల మధ్య బతికేవాళ్ళే ముద్దు. మరి తుఫాను సాయం ఎవరు పంపాలి తల్లీ? ఎడారిలో కూర్చున్న మాలి రాజు మాన్సా మూసానా? నేను పంపిన డబ్బుకి ఏవైనా మంచి మార్కులు పడ్డాయో లేదో గానీ, ఒడ్డున ఊళ్ళున్నాయన్న మైనస్ వాటన్నిటినీ మింగేసింది. డినౌన్స్ చేశాక అయిదు టర్నులు ఆగితే పద్ధతి ప్రకారం యుద్ధం ప్రకటించుకోవచ్చు. ఆగింది. ప్రకటించింది. నా గోల్డ్‌తో కొన్న ఓడలే నా రేవు మీదికి వచ్చాయని నా గట్టి నమ్మకం. రుజువు అడక్కండి.

అసలు ఈ సాయం అనే వ్యవహారాన్ని వాళ్ళు ఎలా తయారు చేశారో చూడండి. అది పోటీ. ఎవరు ఎక్కువ పంపితే వాళ్ళకి గోల్డ్ మెడల్, తర్వాత సిల్వర్, ఆ తర్వాత బ్రాంజ్. మొదటి స్థానానికి డిప్లొమాటిక్ విక్టరీ పాయింట్లు. అంటే పక్కవాడి ఇల్లు కూలితే మనకి స్కోర్‌బోర్డు తెరుచుకుంటుంది. డబ్బు వద్దనుకుంటే ఊళ్ళో 'సెండ్ ఎయిడ్' ప్రాజెక్టు నడుపుకోవచ్చు. కూలిన ఇల్లు ఎవరు కట్టారు, జనం తిరిగి వచ్చారా, ఆ ఊరివాళ్ళు మనల్ని గుర్తుపెట్టుకున్నారా, ఇవేవీ లెక్కలో లేవు. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివినట్టు పేరూ అంకే వస్తాయి, అంతే.

ఇంక కాంగ్రెస్ గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. మధ్యయుగం రాగానే సభ మొదలు. సగం ప్రపంచం ఇంకా పొగమంచులో ఉంటుంది, అవతలి ఖండంలో ఎవరున్నారో తెలీదు, అయినా అందరూ కూర్చుని ఏదో ఒక విలాస వస్తువు ఇక ఎవరినీ సంతోషపెట్టకూడదని తీర్మానం చేస్తారు. నా దగ్గర నాలుగు చోట్ల పండేది ఆ ఒక్కటే అయి ఉంటుంది. ఎవరు ఎటు వేస్తున్నారో ముందు తెలీదు. అడగడానికి లేదు, బతిమాలడానికి లేదు, 'నువ్వు దీనికెయ్యి, నేను దానికేస్తాను' అని బేరమాడ్డానికి లేదు. మొదటి ఓటు ఉచితం, తర్వాత ఒక్కో ఓటుకి డిప్లొమాటిక్ ఫేవర్ (దౌత్యంలో చెల్లే కరెన్సీ) రేటు పెరుగుతూ పోతుంది. మా ఊరి సొసైటీ ఎన్నికల్లో ఇంతకంటే ఎక్కువ దౌత్యం నడుస్తుంది!

చివరికొచ్చేసరికి ఇంకో తమాషా. దౌత్యంతో గెలవాలంటే 20 పాయింట్లు కావాలి. మొదట్లో పదే ఉండేవి, తర్వాత పెంచారు. దగ్గరికి వచ్చామంటే చాలు, అందరూ కలిసి మన పాయింట్లు రెండు కోసేయడానికి ఓటేస్తారు. అనుభవజ్ఞులు ఏం చేస్తారో తెలుసా? తమకి వ్యతిరేకంగా తామే ఓటేసుకుంటారు. గెలిచే పక్షాన ఉన్నందుకు ఒక పాయింటు వెనక్కి వస్తుంది కాబట్టి. తన మీద తానే అవిశ్వాసం పెట్టుకుని మద్దతిచ్చేవాడు దీనిలో గొప్ప దౌత్యవేత్త!

సరే, యుద్ధానికొద్దాం. యుద్ధం మొదలెట్టింది ఆవిడ. నేను తిప్పికొట్టాను. కొట్టి ఆవిడ రాజధాని టైర్ నగరం పట్టుకున్నాను. ఇప్పుడు చెడ్డవాణ్ణి నేను! వేరేవాళ్ళ రాజధాని నా చేతిలో ఉన్నంత కాలం ప్రతి టర్నూ ఫేవర్ కోత. ఈ గ్రీవెన్సెస్ (ఫిర్యాదుల లెక్క) పద్ధతి వచ్చినప్పుడు అందరూ మెచ్చుకున్నారు, పాత వార్‌మాంగర్ (యుద్ధోన్మాది) ముద్ర కంటే న్యాయంగా ఉందని. న్యాయమే, కాదనను. ఎవరు ఎవరికి ఎంత అన్యాయం చేశారో ఖాతా రాస్తారు. తుఫానులో చేసిన మేలుకి మాత్రం ఆ పుస్తకంలో పేజీ లేదు. తిట్లకి లెడ్జర్ ఉంది, అన్నానికి లేదు.

బొగ్గు సంగతి కూడా చెప్పి పోతాను. అవతలి ఖండంలో ఎవడో బొగ్గు ప్లాంట్లు పెట్టుకుంటాడు, సముద్రం పెరిగి మునిగేది మ్యాప్‌లో నా పల్లపు గళ్ళు. ఫ్లడ్ బ్యారియర్ (సముద్రపు నీటిని ఆపే గోడ) కట్టాలంటే కంప్యూటర్స్ టెక్నాలజీ దాకా ఆగాలి. అప్పటికి నీళ్ళు ఎంత పెరిగి ఉంటే ఖర్చు అంత ఎక్కువ. ఆ బొగ్గువాణ్ణి పిలిచి 'ఆపు బాబూ' అనడానికి బటన్ లేదు. యుద్ధం చేయడానికి మాత్రం రకరకాల బటన్లున్నాయి.

నన్ను అన్నిటికంటే మండించేది మాత్రం తుఫాను పోయాక జరిగేది. హరికేన్ దాటిపోయిన కొన్ని గళ్ళలో దిగుబడి పెరుగుతుంది. నది వరదకీ, లావాకీ పెరిగితే అర్థం చేసుకుంటాను. ఒండ్రు మట్టి గురించి గోదావరి జిల్లావాడికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కానీ సముద్రపు తుఫాను? 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. పొలాల్లోకి వచ్చింది ఎరువు కాదు, ఉప్పునీరు. ఆ సంగతి అవనిగడ్డ వైపు ఏ పెద్దాయన్ని అడిగినా చెప్తాడు. ఈ ఆటలో అయితే అది ప్లస్ వన్ ఫుడ్. కంగ్రాట్స్!

ఇక్కడే నాకు పాత మంట రేగుతుంది.

తుఫానులో నష్టపోయినవాడి విషయంలో రాజ్యం ఎలా నడుచుకోవాలో రాయి మీద చెక్కించి పెట్టినవాళ్ళు మనకున్నారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం. పూర్వపు రాజులు గాలివానకి కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాగేసుకునేవారట. మేము అలా చేయం, నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం అని దేశదేశాల వర్తకులకి అభయం ఇచ్చాడు. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్ళేవాళ్ళ మీద దయతో అని కారణం కూడా రాయించాడు. తుఫాను, వర్తకం, విదేశీ సంబంధాలు అన్నీ ఒక్క స్తంభం మీద! ఆయన కూతురు రుద్రమదేవి రాజ్యాన్ని, ఆ రేవుని మార్కో పోలో తన యాత్రా కథనంలో చెప్పాడు. వెనిస్ నుంచి వచ్చినవాడికి కనిపించింది, 1991 నుంచి ఈ సిరీస్ తీస్తున్నవాళ్ళకి కనిపించలేదు.

మొదటి భాగం నుంచీ ఈ ఆటలో ఇండియా నాయకుడంటే గాంధీ. ఆ అణుబాంబుల గాంధీ కథ ఒకటి, ప్రోగ్రాంలో లెక్క తిరగబడి శాంతిమూర్తి ఉగ్రుడయ్యాడని. అదంతా ఉత్తదేనని ఈ సిరీస్ సృష్టికర్త సిడ్ మేయర్ 2020లో తన జ్ఞాపకాల్లో రాసేదాకా ఎంతమంది పండితులు నాకు వివరించారో. తర్వాత చంద్రగుప్తుడు వచ్చాడు. ఏడో భాగంలో మౌర్యులు, చోళులు, మొఘలులు వేర్వేరుగా వచ్చారు. చాలా సంతోషం, చోళులకి నా దండాలు. కానీ తంజావూరు దాకా వచ్చినవాళ్ళు ఓరుగల్లుకి టికెట్ తీసుకోలేకపోయారా? శాతవాహనులు లేరు, విజయనగరం లేదు.

ఆరో భాగంలో ఇండియాకి మెట్ల బావి ఇచ్చారు. కరువులో తిండి తగ్గకుండా కాస్తుంది. మంచిదే. అదే చోట గొలుసుకట్టు చెరువు పెట్టి చూడండి. ఒక చెరువు అలుగు పారితే నీళ్ళు కింది చెరువుకి పోతాయి, వానలో వరద తగ్గుతుంది, ఎండల్లో పంట నిలుస్తుంది. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకి నీళ్ళిస్తున్నాయి. గేమ్ డిజైన్ చేసే పని కూడా లేదు, ఎనిమిది వందల ఏళ్ళ కిందట చేసి పెట్టారు. రామప్ప గుడి పునాదిలో ఇసుక నింపారు, భూమి కదిలితే తట్టుకోవడానికి అంటారు. అదీ పెట్టమందామంటే గ్యాదరింగ్ స్టార్మ్‌లో భూకంపాలే లేవు! 2020లో అపోకలిప్స్ మోడ్ అని పెట్టి, తోకచుక్కలు పడేసి ఊళ్ళకి ఊళ్ళనే లేపేశారు. భూకంపం మాత్రం మర్చిపోయారు. సునామీ కూడా.

మోటుపల్లి శాసనం ఇచ్చే పవర్ ఎలా ఉండాలో కూడా నేనే చెప్తా, ఫ్రీగా. ఎవరి తీరం మీద తుఫాను పడినా వాళ్ళ వర్తకులు నా రేవుకి రావచ్చు. వాళ్ళ ట్రేడ్ రూట్ తెగదు. దానికి బదులుగా కొన్ని టర్నుల పాటు నా మీద యుద్ధం ప్రకటించలేరు, అజెండా ఏదైనా సరే. ఒడ్డున ఊళ్ళున్నా సరే!

ఇప్పుడు కింద ఒక బ్యాచ్ దిగుతుంది. 'మాడ్ (ఆటకి సొంతంగా చేర్చుకునే మార్పు) చేసుకోవచ్చుగా బ్రో.' చేసుకోవచ్చు. బేస్ గేమ్ కొన్నది నేనే, ఎక్స్‌పాన్షన్ కొన్నది నేనే, ఇప్పుడు గణపతిదేవుడికి మీసాలు గీయాల్సింది కూడా నేనేనా? ఇంకో బ్యాచ్ 'డిజాస్టర్ ఇంటెన్సిటీ (విపత్తుల తీవ్రత) సున్నాకి పెట్టుకో అన్నా' అంటుంది. తుఫాను గురించి కాదురా నా గొడవ! తుఫాను తన పని తాను చేసింది.

ఏడో భాగం సేల్‌లో ఉందని లింకు పంపేవాళ్ళని మాత్రం బ్లాక్ చేస్తాను. ఓరుగల్లు వచ్చినప్పుడు పంపండి, ఫుల్ రేటు పెట్టి కొంటాను.